చేతి కదలిక నుంచి యంత్రగతికి: చింతకింది మల్లేశం ఆసుయంత్ర ఆవిష్కరణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పూర్వపు నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో రూపొందించిన లక్ష్మీ ఆసుయంత్రం తెలంగాణ చేనేత చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. తల్లి కష్టం చూడలేక కొడుకు చేసిన యంత్రంగానే ఇది ఎక్కువగా ప్రచారంలో ఉంది. ఆ కథనం సత్యమే అయినా, అది ఆవిష్కరణలోని సాంకేతిక విశేషాన్నీ, దానికి ఆధారమైన స్త్రీల శ్రమజ్ఞానాన్నీ కొంతవరకు మరుగుపరుస్తున్నది. ఆసు ప్రక్రియ స్వరూపం, యంత్రనిర్మాణంలో ఎదురైన చిక్కులు, విద్యుత్తు నిర్వహించిన పాత్ర, ప్రపంచ వస్త్రయంత్ర చరిత్రలో ఈ ఆవిష్కరణ స్థానం అనే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆసు, ఇక్కత్, పోచంపల్లి, చేనేత, స్త్రీల శ్రమ, విద్యుత్ యంత్రాలు, గ్రామీణ ఆవిష్కరణ.

1. ఉపోద్ఘాతం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు తెలంగాణ చేనేతకు రెండు భిన్నమైన సంప్రదాయాలను అందించాయి. మహబూబ్‌నగర్ వైపు గద్వాల, నారాయణపేట చీరలు ప్రసిద్ధమైనవి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును, కొంగును కలపడంలోనే నేర్పంతా ఉంటుంది. నల్లగొండ వైపు పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం పరిసరాలలో నేతకు ముందే నూలుపై రంగులు తీర్చే ఇక్కత్ పద్ధతి స్థిరపడింది. స్థానికంగా దీనిని చిట్కి అని కూడా అంటారు. మొదటి సంప్రదాయంలో నేర్పు ప్రధానంగా మగ్గం మీద కనిపిస్తుంది. రెండవ దానిలో చీర అందచందాలు సగానికి పైగా మగ్గం ఎక్కకముందే నిర్ణయమైపోతాయి. ఆ మగ్గపుపూర్వ దశలో అత్యంత శ్రమతో కూడినది ఆసు పోయడం.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికిన గ్రామంగా పోచంపల్లి దేశానికి పరిచయమైంది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ కీర్తి వెనుక ఇంటి మూలన కూర్చొని ఆసు పోసిన స్త్రీల చేతులు మాత్రం చాలాకాలం చర్చకు రాలేదు. మగ్గం మీద కూర్చున్నవానినే నేతగాడిగా గుర్తించడం మన భాషలోనూ, లెక్కలలోనూ స్థిరపడిపోవడం దీనికి ఒక కారణం. నిజానికి 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని సుమారు 35 లక్షల చేనేత కార్మికులలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలే. ఈ నేపథ్యంలో ఆసుయంత్రాన్ని కేవలం ఒక ఉపకరణంగా కాక, కనిపించని శ్రమను కనిపించేటట్లు చేసిన ఆవిష్కరణగా పరిశీలించవలసి ఉంది.

2. ఆసు: ప్రక్రియా స్వరూపం

ఇక్కత్‌లో పడుగు పోగులకు గాని, పేక పోగులకు గాని, రెండింటికీ గాని ముందుగానే రంగులద్దుతారు. నేసేటప్పుడు ప్రతి పేక పోగూ తనకు నిర్దేశించిన చోటనే పడితేనే బొమ్మ కుదురుతుంది. అందువల్ల పేక నూలును చీర పన్నాకు తగిన సమాన కొలతలలో, లెక్క తప్పకుండా, వరుస చెదరకుండా అమర్చుకోవాలి. ఆ అమరికే ఆసు.

ఆసు చట్రం విసనకర్ర ఆకారంలో ఉంటుంది. ఒక కొసన ఒంటిమేకు, దానికి ఎదురుగా అర్ధవృత్తాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. ఈ ఆకారానికి గణితపరమైన కారణం ఉంది. వృత్తకేంద్రం నుంచి పరిధిపైనున్న ప్రతి బిందువుకూ దూరం ఒక్కటే. ఒంటిమేకు నుంచి ఎదుటి మేకులలో దేని వద్దకు పోగు లాగినా పొడవు మారదు. పాఠశాల జ్యామితి తెలియని చేతులు తరతరాలుగా ఈ సూత్రాన్నే ఆధారం చేసుకొని పనిచేశాయి.

ఆసు పోసే స్త్రీ పోగును ఒంటిమేకు నుంచి ఎదుటి మేకు వరకు తీసుకుపోయి, చుట్టి, మళ్ళీ వెనుకకు తెస్తుంది. ఒక మేకుపై నిర్ణీత సంఖ్యలో పోగులు పడిన తరువాత పక్క మేకుకు మారుతుంది. ఇలా పూర్తయిన ఆసుపై నమూనా గీసి, రంగు అంటకూడని చోట్ల గట్టిగా కట్లు కట్టి, అద్దకం చేసి, కట్లు విప్పి, కండెలకు చుట్టి మగ్గానికి అందిస్తారు. మొదటి అడుగులో లెక్క తప్పితే తరువాతి అడుగులన్నీ తప్పుతాయి.

ఒక చీరకు ఈ చేతి కదలికలు సుమారు 9,000. ఒక చీరకు ఆసు పోయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 కదలికలు. ఒక్కో కదలికను ఒక మీటరుగా లెక్కించినా, కూర్చున్న చోటనే చేయి రోజుకు 18 కిలోమీటర్ల దూరం తిరుగుతుంది. అయిదు గంటలలో 9,000 కదలికలంటే రెండు సెకండ్లకు ఒకటి. ఆ వేగంలోనే పోగు బిగువు చూసుకోవాలి, తెగితే అతకాలి, లెక్క గుర్తుంచుకోవాలి. భుజం, మోచేయి కీళ్ళ నొప్పులు ఈ పనికి అనివార్య ఫలితాలు. నొప్పి భరించలేనివారు పని మానుకుంటే ఆ కుటుంబం చిట్కి నేతనే విడిచిపెట్టవలసిన పరిస్థితి వచ్చేది.

3. జీవితనేపథ్యం

చింతకింది మల్లేశం 1972లో జన్మించారు. స్వగ్రామం శారాజిపేట నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. తల్లిదండ్రులు లక్ష్మి, లక్ష్మీనారాయణ. కుటుంబవృత్తి చేనేత. ఆర్థిక ఇబ్బందుల వల్ల ఉన్నత పాఠశాల చదువు పూర్తికాకముందే ఆయన బడి మాని వృత్తిలో ప్రవేశించారు. ఇంట్లో ఆసు పోసేది తల్లి. ఇక ఈ పని తనవల్ల కాదని ఆమె చెప్పడం, మరొక జీవనోపాధి వెతుక్కోవలసిన అవసరం ఏర్పడటం ఆయనను ఆలోచింపజేశాయి.

1992లో ఆయన యంత్రనిర్మాణ ప్రయత్నం ప్రారంభించారు. ఆయనకు యంత్రశాస్త్రంలో గాని, విద్యుత్ శాస్త్రంలో గాని శిక్షణ లేదు. పెట్టుబడి లేదు. అనుసరించడానికి నమూనా యంత్రమూ లేదు. చేతికందిన చెక్క, ఇనుప భాగాలతో ఒక్కొక్క కదలికనే సాధించే ప్రయత్నం చేశారు. చేసిన అప్పులు, ఎదురైన ఎగతాళి, మధ్యలో విరామాలు ఆయన అనేక సందర్భాలలో స్వయంగా చెప్పుకున్న విషయాలే. ఉపాధి కోసం హైదరాబాదుకు చేరి విద్యుత్ పనులలో కుదరడం ఆయన జీవితంలో మలుపు. కూలి కోసం చేరిన ఆ పనులే ఆయనకు చదువుగా పరిణమించాయి. 1999 ఫిబ్రవరిలో బాలానగర్ పారిశ్రామికవాడలో పనికి వెళ్ళినపుడు అక్కడి ఒక యంత్రం కదలిక ఆయన దృష్టిని ఆకర్షించింది. తన యంత్రంలో ఏళ్ళ తరబడి తేలని చిక్కుకు అందులో ఆయనకు పరిష్కారం దొరికింది. అదే సంవత్సరం యంత్రం పూర్తయింది. తల్లి పేరు మీదుగా దానికి లక్ష్మీ ఆసుయంత్రం అని పేరు పెట్టారు.

ఈ ఘటనను అదృష్టంగా భావించే అవకాశం ఉంది. అయితే బాలానగర్‌లో అటువంటి యంత్రాలను నిత్యం వందలమంది చూస్తూనే ఉంటారు. ఏడేళ్ళుగా ఒకే కదలికను గురించి ఆలోచిస్తున్న కన్నుకే అది పరిష్కారంగా కనిపించింది. అన్వేషణలో యాదృచ్ఛికతకు చోటు ఉన్నా, దానిని గుర్తుపట్టే శక్తి ముందుగా చేసిన శ్రమ నుంచే లభిస్తుందనడానికి ఇది నిదర్శనం.

4. యంత్రనిర్మాణంలోని చిక్కులు

చేతితో చేసే పని బయటికి సరళంగా కనిపిస్తుంది. దానిని యంత్రానికి నేర్పబోతే అందులోని పొరలు బయటపడతాయి. ఆసు పోసే చేతి కదలికను విశ్లేషిస్తే కనీసం మూడు గతులు గోచరిస్తాయి. మొదటిది, పోగును ఒంటిమేకుకూ ఎదుటి మేకుకూ మధ్య ముందుకు వెనుకకు నడిపే గతి. రెండవది, కొసకు చేరిన పోగు మేకును చుట్టుకొని తిరిగి వచ్చే గతి. మూడవది, నిర్ణీత సంఖ్య పూర్తికాగానే పక్క మేకుకు జరిగే గతి.

మనిషి చేయి ఈ మూడింటినీ విడివిడిగా భావించదు. భుజం మొదటి గతిని, మణికట్టు రెండవ గతిని, కన్నూ మనస్సూ కలిసి మూడవ గతిని నిర్వహిస్తాయి. యంత్రంలో వీటిని వేరుచేసి, మళ్ళీ ఒకే లయలో కూర్చాలి. ఒకటి క్షణకాలం ముందు జరిగినా పోగు మేకుకు తగలక జారిపోతుంది, ఆలస్యమైతే తెగిపోతుంది. పట్టుపోగు సన్నదనం ఈ కష్టాన్ని మరింత పెంచుతుంది. బిగువు ఎక్కువైతే పోగు నిలవదు, తక్కువైతే కొలత తప్పుతుంది.

మల్లేశం కృషిలోని ప్రత్యేకత ఇక్కడ గమనించదగినది. ఆయన తల్లి చేతిని అనుకరించే యాంత్రిక హస్తాన్ని చేయబూనలేదు. ఆ చేయి చేస్తున్న పనిని గతులుగా విడదీసి, ఒక్కొక్క గతికి తగిన సాధనాన్ని వెతికారు. ఈ విభజనకు ఆధారం పుస్తకజ్ఞానం కాదు, చిన్ననాటి నుంచి ఆసు పక్కనే కూర్చొని చూసిన అనుభవం. ఆ విధంగా ఈ యంత్రానికి తొలి గురువు అతని తల్లియే. ఆమె చేతిలోని జ్ఞానమే యంత్రంలోకి బదిలీ అయింది.

5. విద్యుత్తు పాత్ర

ఆసుయంత్రం విద్యుత్ మోటారుతో నడుస్తుంది. విద్యుత్తు ఇక్కడ రెండు భిన్నమైన బాధ్యతలను వహిస్తుంది. ఒకటి బలాన్ని సమకూర్చడం, రెండవది నియంత్రణ. మొదటిది భుజానికి ప్రత్యామ్నాయం, రెండవది జ్ఞాపకానికి ప్రత్యామ్నాయం.

తొలి యంత్రం ప్రధానంగా యాంత్రిక భాగాలపై ఆధారపడింది. నమూనా మారినపుడు ఒక్కో మేకుపై పడవలసిన పోగుల సంఖ్య మారుతుంది. పూర్తిగా యాంత్రికమైన అమరికలో ఇటువంటి మార్పు శ్రమతో కూడినది. తరువాతి కాలంలో మల్లేశం ఎలక్ట్రానిక్ నియంత్రణను, మైక్రోకంట్రోలర్‌ను యంత్రంలో ప్రవేశపెట్టారు. దీనితో లెక్కను ముందుగా నిర్దేశించడం, అవసరాన్ని బట్టి మార్చడం సులభమైంది. బడి మానిన నేతకార్మికుడు ఎలక్ట్రానిక్స్‌ను స్వయంకృషితో అభ్యసించి తన యంత్రానికి అన్వయించడం మొదటి ఆవిష్కరణకు ఏమాత్రం తీసిపోనిది. ఒక సమస్యను పరిష్కరించి ఊరుకోక, తన పరిష్కారాన్నే మళ్ళీ సమస్యగా స్వీకరించడం నిజమైన ఆవిష్కర్త లక్షణం.

ఫలితం గణనీయమైనది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. అంటే రెండు సెకండ్లకు ఒకటిగా సాగిన కదలిక సెకనులో మూడు వంతులైనా పట్టకుండా పూర్తవుతున్నది. రోజుకు రెండు చీరలకు బదులు ఆరేడు చీరలకు ఆసు సిద్ధమవుతున్నది. ఈ అంకెలకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. యంత్రం తిరుగుతున్నంతసేపూ స్త్రీ చేయి ఖాళీగా ఉంటుంది. ఆమె పోగును గమనిస్తుంది, తెగితే అతుకుతుంది, కండె మారుస్తుంది. శ్రమించే దేహం స్థానంలో పర్యవేక్షించే దృష్టి వచ్చింది.

ఈ యంత్రం కర్మాగారం కోసం రూపొందినది కాదు. ఇంటిలోనే ఇమిడేటట్లు, ఇంటి విద్యుత్తుతోనే నడిచేటట్లు తయారైంది. విద్యుత్తు పల్లెకు చేరడం అంటే దీపం వెలగడం, బావి మోటారు తిరగడం అని మాత్రమే భావించిన రోజులలో, అది ఇంటి స్త్రీ భుజం మీది బరువును దించగలదని ఈ యంత్రం చూపింది.

6. వస్త్రయంత్ర చరిత్రలో స్థానం

వస్త్రయంత్రాల చరిత్రను సాధారణంగా ఒక గొలుసుగా వివరిస్తారు. 1733లో జాన్ కే ఎగిరే నాడెను రూపొందించడంతో నేత వేగం పెరిగి నూలుకు కొరత ఏర్పడింది. ఆ కొరతను తీర్చే దిశలో 1760లలో హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ వచ్చింది. నూలు సమృద్ధి కావడంతో 1785లో కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంటు పొందాడు. ఈ గొలుసులో ప్రతి ఆవిష్కరణకూ ప్రేరణ ఉత్పత్తిలోని అడ్డంకి, అంటే విపణి అవసరం.

ఆసుయంత్రానికి ఈ సూత్రం అన్వయించదు. ఇక్కత్ చీర నేయడానికి కొన్ని రోజులు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు ఒక మగ్గానికి అవసరమైన దానికన్నా ఎక్కువే. కనుక ఇక్కడి అడ్డంకి ఉత్పత్తి వేగంలో లేదు, దేహం ఓపికలో ఉంది. నొప్పిని తగ్గించడానికి పుట్టిన యంత్రం వేగాన్ని కూడా పెంచింది. ఈ తేడా ఆవిష్కరణలకు ప్రేరణ ఏమిటన్న చర్చలో పరిశోధకులు పరిగణించదగినది.

1804 నాటి జకార్డ్ యంత్రంతో పోలిక దీనికి మరింత దగ్గరగా ఉంటుంది. అంతకుముందు బూటాల నేతలో మగ్గంపై కూర్చొని దారాలు లాగే సహాయకుడు, తరచుగా ఒక బాలుడు, ఉండేవాడు. చిల్లులు పొడిచిన అట్టల సహాయంతో జకార్డ్ యంత్రం ఆ పనిని స్వీకరించింది. రెండు సందర్భాలలోనూ యంత్రం ప్రవేశించింది నేతగాని స్థానంలో కాదు, పేరు దక్కని సహాయకుల స్థానంలో. రెండింటిలోనూ యంత్రం ముందుగా చెప్పిన లెక్కను పాటిస్తుంది. జకార్డ్ యంత్రం నేడు గణనయంత్రాల పూర్వచరిత్రలో భాగమైంది. ఆసుయంత్రం గణనసాధనం అభివృద్ధి చెందిన తరువాత పుట్టి, దానినే పల్లె చట్రంలోకి తెచ్చింది.

7. చేనేత నిర్వచనం: ఒక చర్చ

విద్యుత్ యంత్రం ప్రవేశించిన తరువాత ఆ వస్త్రాన్ని చేనేత అనవచ్చునా అనే ప్రశ్న సహజం. మరమగ్గాల పోటీతో చేనేత దెబ్బతిన్న చరిత్ర ఉన్నందున ఈ సందేహాన్ని తేలికగా తీసివేయలేము. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం మరమగ్గం కాని మగ్గాన్ని చేతిమగ్గంగా పరిగణిస్తుంది. అంటే నిర్ణాయకమైనది మగ్గాన్ని నడిపే శక్తి. ఆసు మగ్గానికి ముందు దశ కనుక ఆసుయంత్రం వాడినంత మాత్రాన వస్త్రం చేనేత లక్షణాన్ని కోల్పోదు.

చట్టాన్ని పక్కన పెట్టి కళాదృష్టితో చూసినా ఇదే నిర్ణయానికి రావచ్చు. నమూనా ఊహించడం, కట్లు కట్టడం, రంగులు కూర్చడం, బొమ్మ కుదిరేటట్లు పోగు సవరిస్తూ నేయడం ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉన్నాయి. యంత్రం స్వీకరించినది నిర్ణయం అవసరం లేని పునరావృత్తిని మాత్రమే. ఏ పనిని యంత్రానికి అప్పగించాలి, దేనిని చేతిలో ఉంచుకోవాలి అనే వివేచన వృత్తి లోపలి మనిషి చేసినందువల్లనే ఇది సాధ్యమైంది. ఆసు బాధ తెలియని బయటి సాంకేతికుడు బహుశా మగ్గాన్నే ముందుగా మార్చబోయేవాడు.

అయితే కొన్ని ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. ఒక యంత్రం అనేక మగ్గాలకు ఆసు అందించగలదు. యంత్రం ఉన్న ఇల్లు ఇతరులకు కూలికి ఆసు పోసి ఆదాయం పొందవచ్చు. అదే సమయంలో చేతి ఆసుతో కూలి పొందే పేద స్త్రీలకు ఆ పని తగ్గే అవకాశమూ ఉంది. యంత్రం ఎవరి పేరిట ఉంది, దానిపై వచ్చే ఆదాయం ఎవరి చేతికి అందుతున్నది, మిగిలిన సమయం విశ్రాంతిగా మారిందా, మరో పనిగా మారిందా అనే అంశాలపై క్షేత్రపరిశోధన జరగవలసి ఉంది.

8. గుర్తింపు - కథనం

హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న పల్లెసృజన సంస్థ, దాని వ్యవస్థాపకులు బ్రిగేడియర్ పోగుల గణేశం, జాతీయ స్థాయిలో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఈ యంత్రం వెలుగులోకి రావడానికి తోడ్పడ్డాయి. 2009లో మల్లేశం ఆ సంస్థ జాతీయ పురస్కారాన్ని అందుకున్నారు. 2010లో ఫోర్బ్స్ పత్రిక పేర్కొన్న గ్రామీణ భారత ఆవిష్కర్తలలో ఆయన ఒకరు. 2017లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 2019లో రాజ్ రాచకొండ దర్శకత్వంలో, ప్రియదర్శి ప్రధానపాత్రలో వచ్చిన 'మల్లేశం' చలనచిత్రం ఈ జీవితాన్ని తెలుగు ప్రేక్షకులందరికీ చేరువ చేసింది.

ఈ గుర్తింపుతో పాటు ఒక కథనం కూడా స్థిరపడింది. అందులో తల్లి కేవలం బాధకు ప్రతీక, కొడుకు ఆ బాధను తీర్చిన వీరుడు. మాతృభక్తి ఈ సమాజానికి ఆదర్శం కనుక కథనం హృదయాలకు హత్తుకున్నది. కాని లక్ష్మి బాధపడిన స్త్రీ మాత్రమే కాదు, సంక్లిష్టమైన ఒక గణనప్రక్రియను చేతులతో నిర్వహించిన నిపుణురాలు. యంత్రానికి ఆమె పేరు పెట్టడాన్ని భక్తికి గుర్తుగానే కాక, ఆ జ్ఞానానికి మూలం ఎవరో చెప్పే ప్రకటనగా కూడా గ్రహించవచ్చు.

9. ముగింపు

లక్ష్మీ ఆసుయంత్రం శ్రమను, కాలాన్ని ఆదా చేసిన సాధనం మాత్రమే కాదు. వృత్తి లోపలి పరిశీలన, విద్యుత్ పనులలో సంపాదించిన అనుభవం, స్వయంకృషితో నేర్చిన ఎలక్ట్రానిక్స్ అనే మూడు జ్ఞానధారల కలయిక అది. దాని ప్రేరణ విపణిలో కాక ఇంటిలోని ఒక భుజం నొప్పిలో ఉండటం దానిని వస్త్రయంత్ర చరిత్రలోని ఇతర ఆవిష్కరణల నుంచి వేరుచేస్తున్నది. కళను చేతిలో ఉంచి యాతనను యంత్రానికి అప్పగించిన వివేచన దాని ప్రధాన విలువ.

తెలుగు ప్రాంతాల సాంకేతిక చరిత్రను ఆనకట్టలు, కర్మాగారాలు, పరిశోధనాలయాల చరిత్రగానే రచించే అలవాటు బలంగా ఉంది. ఇంటి వసారాలో పుట్టిన యంత్రాలకు, వాటికి ఆధారమైన స్త్రీల వృత్తిజ్ఞానానికి అందులో స్థానం కల్పించాలి. ఆసు పోసిన తరం స్త్రీలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారి పదజాలాన్ని, లెక్క పెట్టుకున్న పద్ధతులను, పనిచేసిన తీరును వారి నోటనే నమోదు చేయడం చేనేత, జానపద, స్త్రీ అధ్యయన పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం. చేతి ఆసు కనుమరుగవుతున్న కొద్దీ ఆ అవకాశమూ తగ్గిపోతుంది.